జీతం, వీసా, షేర్లు మూడూ ఒకే కంపెనీ చేతిలో పెట్టకు

తమ్ముడూ, పాలకొల్లు నుంచి అమెరికా వచ్చి ఏడాది దాటిందని, చేతిలో కాస్త డబ్బు నిలిచిందని, ఇరవై ముప్పై ఏళ్ళ కోసమైతే ఇండెక్స్ ఫండ్లు (ఒక సూచీలోని షేర్లన్నిటినీ కలిపి కొనిపెట్టే ఫండ్లు) మంచివా, విడి షేర్లు మంచివా అని అడిగావు. ఊళ్ళో రెండెకరాలు బేరానికి వచ్చింది, డబ్బు పంపమని నాన్నగారు అంటున్నారనీ రాశావు. అన్నిటికీ చెబుతాను. కంపెనీ ఇచ్చిన షేర్లు ఒక్కటీ అమ్మలేదని మధ్యలో ఒక్క ముక్క రాసి వదిలేశావు చూడు, నాకు భయం వేసింది అక్కడే.

నేనూ అలాగే అట్టేపెట్టుకున్నాను. మా కంపెనీ షేరు తగ్గింపు ధరకు ఇస్తుంటే ప్రతి జీతంలోనూ కోయించుకుని కొన్నాను. ధర పెరిగే కొద్దీ బయట కూడా కొన్నాను. పనిచేసేది మనమే కదా, లోపల సంగతులు మనకి తెలియవా అనుకునేవాణ్ణి. నాకు తెలిసిందల్లా నా టీమ్ పని మాత్రమే. 2008లో మార్కెట్ కూలినప్పుడు మా షేరు సగానికి పైగా పోయింది. చవగ్గా దొరుకుతోందని బ్యాంకులో మిగిలింది కూడా దాంట్లోనే పోశాను. ఆ తర్వాతి వేసవిలో మా గ్రూపు మొత్తాన్ని తీసేశారు. ఉద్యోగం పోతే హెచ్-1బీ ఉద్యోగ వీసా వాళ్ళకి ఇంకో ఉద్యోగం చూసుకోవడానికో దేశం వదలడానికో ఇప్పుడు గరిష్ఠంగా 60 రోజుల గడువుంది, 2017కి ముందు అదీ లేదు. ఇంట్లో చంటిపిల్ల, అపార్ట్‌మెంట్ లీజు నడుస్తోంది, షేర్లు అమ్మితే పెట్టినదాంట్లో మూడో వంతు కూడా రాదు. తెలిసినాయన దగ్గర అప్పు చేసి, ఇంకో ఉద్యోగం దొరికేదాకా నెట్టుకొచ్చాం. భీమవరంలో అమ్మకి మాత్రం ఫోన్‌లో అంతా బాగుందనే చెప్పేవాణ్ణి. తర్వాత నిలదొక్కుకున్నాం. ఇవాళ ఇంటి అప్పు తీరింది, పిల్లల చదువుకి డబ్బు పక్కన ఉంది. అదంతా విసుగు పుట్టించే ఇండెక్స్ ఫండ్ల మీద వచ్చిందే.

మన వైపు చేలన్నీ తవ్వి రొయ్యల చెరువులు చేసి, బంగారం తాకట్టు పెట్టి మరీ రొయ్యపిల్ల వదిలినవాళ్ళని చూసే ఉంటావు. రొయ్యలకి తెల్లమచ్చ రోగం వచ్చిన ఏడు, కాస్తయినా దాళ్వా వరి ఉంచుకున్న ఇల్లే తట్టుకుంది. ఇక్కడ 2001 డిసెంబరులో ఎన్‌రాన్ అనే పెద్ద ఇంధన కంపెనీ దివాలా తీసినప్పుడు ఆ ఉద్యోగులకి ఉద్యోగంతో పాటు రిటైర్మెంట్ సొమ్మూ పోయింది, ఎందుకంటే ఆ ఖాతాల్లో ఎక్కువ భాగం అదే కంపెనీ షేరు.

ఏడాది ఆగి అమ్మితే పన్ను తగ్గుతుందని మీ వయసువాళ్ళందరూ ఒకటే పాట. ఆర్‌ఎస్‌యూ షేర్లు, అంటే జీతంలో భాగంగా కంపెనీ ఇచ్చేవి, నీ చేతికి వచ్చిన రోజునే వాటి విలువ మొత్తం జీతంగా లెక్కవేసి పన్ను వేస్తారు. ఆ రోజే అమ్మితే కొత్తగా పడే పన్ను దాదాపు ఉండదు. ఏడాది ఆగితే తగ్గేది ఆ తర్వాత పెరిగిన లాభం మీద పన్ను మాత్రమే. అదే సొమ్ము నగదు బోనస్‌గా ఇస్తే దాంతో ఆ షేరు కొంటావా అని నిన్ను నువ్వు అడుగు.

ముందు బ్యాంకులో ఖర్చులకు డబ్బు. ఇక్కడి పుస్తకాల్లో ఆరు నెలలని రాస్తారు, వీసా మీదున్నవాడికి ఏడాది అని నేనంటాను. 401(కె)లో, అంటే కంపెనీ ద్వారా నడిచే రిటైర్మెంట్ ఖాతాలో, కంపెనీ కలిపే వాటా పూర్తిగా వచ్చేంత వరకు జమ చెయ్యి, అది వదులుకోకు. ఆపైన అమెరికా మొత్తం మార్కెట్‌ని పట్టే ఫండ్ ఒకటి, మిగతా దేశాల ఫండ్ ఒకటి, కొంత బాండ్లు (వడ్డీకిచ్చే అప్పు పత్రాలు). వాన్‌గార్డ్ ఫండ్ల కంపెనీ పెట్టిన జాన్ బోగుల్ 1976లో మామూలు జనానికి ఇండెక్స్ ఫండ్ తెచ్చినప్పుడు చాలామంది ఎగతాళి చేశారు. ఇప్పుడు అలాంటి ఫండ్లలో 10,000 డాలర్ల మీద ఏడాది ఖర్చు మూడు నాలుగు డాలర్లకే దొరుకుతుంది.

అమెరికా షేర్ మార్కెట్లలో ఒకటైన నాస్‌డాక్ సూచీ ఫండ్ ఒక్కటే చాలంటున్నావు. నీ ఉద్యోగమూ సాఫ్ట్‌వేరే, అందులో బరువూ ఎక్కువ టెక్ కంపెనీలదే. నాస్‌డాక్ సూచీ 2000 మార్చి శిఖరం నుంచి రెండున్నరేళ్ళలో నాలుగింట మూడు వంతులకు పైగా పడింది, మళ్ళీ అక్కడికి చేరేసరికి 2015 వచ్చింది. విడి షేర్లు సరదాగా ఉంటే మొత్తంలో పదో వంతు దాటకుండా కొనుక్కో, నీ కంపెనీది మాత్రం వద్దు.

ఇండియా సంగతి క్లుప్తంగా చెబుతాను, రూల్స్ నువ్వే చూసుకోగలవు. ఎన్నారై వ్యవసాయ భూమి కొనకూడదు, ఫెమా (ఇండియా విదేశీ మారకద్రవ్య చట్టం) ఒప్పుకోదు. నాన్నగారు తన పేరున కొంటే అది ఆయన పొలం. పంపేది ఆయనకి ఇచ్చిందనుకునే పంపు, నీ పొదుపు లెక్కలో కలపకు. అక్కడి మ్యూచువల్ ఫండ్లలో పాత ఎస్‌ఐపీ ఉంటే అమెరికా పన్నుల్లో వాటిని పీఎఫ్‌ఐసీ (ఒక రకం విదేశీ పెట్టుబడి కంపెనీ) అంటారు, వాటికి నింపాల్సిన ఫారం 8621 పెద్ద తలనొప్పి, ఆపేసి ఒక సీపీఏని (లైసెన్సున్న అకౌంటెంటుని) అడుగు. బయటి దేశాల ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజు 10,000 డాలర్లు దాటినా ఎఫ్‌బార్ (ఆ ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి చెప్పే ఫారం) వేయాలి.

ఇప్పటికే పోగైన షేర్లలో నష్టంలో ఉన్నవి ముందు అమ్ము, ఏడాది నిండినవి తర్వాత, మిగతావి విడతలుగా తీసెయ్యి. ఇకముందు వచ్చేవి వచ్చిన రోజే అమ్ముడయ్యేలా పెట్టమంటే చాలా కంపెనీల ఖాతాల్లో ఆ వీలుంటుంది. నష్టానికి అమ్మిన షేరు 30 రోజుల ముందూ వెనకా మళ్ళీ నీకు చేరితే ఆ నష్టం అప్పటికి లెక్కలోకి రాదు, కాబట్టి కొత్త షేర్లు ఏ తేదీన వస్తాయో చూసుకుని అమ్ము.