ముఖం కొలిచి మానసిక జబ్బు వస్తుందో రాదో చెప్పొచ్చా?

ప్రశ్న: మా తమ్ముడికి స్కిజోఫ్రెనియా. మా పాపకి ఆరేళ్లు, అన్నీ మేనమామ పోలికలే. ముఖం ఆకారం కొలిచి ఇలాంటి జబ్బులు కనిపెడతారని చదివాను. పాపకి స్కాన్ చేయిస్తే ముందే తెలుస్తుందా?

జవాబు: తెలియదండీ. మేనమామకు ఉంటే పాపకి రిస్క్ కాస్త పెరిగే మాట నిజమే కానీ, ఇలాంటి పిల్లల్లో చాలామందికి రాదు. పోలికకీ దానికీ సంబంధం లేదు, ఆ టెన్షన్ పెట్టుకోకండి.

విదేశంలో చదువుకునేటప్పుడు ఇలా ముఖాలు కొలిచే ల్యాబ్‌లో పనిచేశాను. జుట్టు వెనక్కి లాగి బ్యాండ్ పెడతాం, కళ్లజోడు తీయిస్తాం, నోరు మూసుకుని నవ్వకుండా కూర్చోమంటాం (చిన్నపిల్లలతో ఇదే పెద్ద పని). చుట్టూ కెమెరాలు ఒకేసారి క్లిక్‌మంటాయి. ఆ త్రీడీ ముఖాన్ని స్క్రీన్ మీద తిప్పుకుంటూ కంటి మూలలు, ముక్కు మొన, ముక్కుపుటాల అంచులు, పెదవుల కొసలు అన్నిటికీ చుక్కలు పెట్టాలి. కంటి మూల సులువు. దవడ మూల దగ్గరే తంటా. ఎముక లోపలెక్కడో ఉంటుంది, మనకు కనబడేది చెంప. గడ్డం పెంచుకుని ఉంటే ఇక చెప్పక్కర్లేదు. అందుకే కొన్నాళ్లాగి అదే ముఖానికి మళ్లీ చుక్కలు పెట్టి, చెయ్యి ఎంత తేడా కొడుతోందో చూసుకుంటాం. ఆ తర్వాత ముఖాలన్నిటినీ ఒకే సైజుకి తెచ్చి ఒకదాని మీద ఒకటి పరిచి పోలుస్తారు.

అసలు ముఖమే ఎందుకంటే, గర్భంలో తొలి వారాల్లో ముఖమూ మెదడు ముందు భాగమూ పక్కపక్కనే, ఒకదాని సంకేతాలు ఒకటి అందుకుంటూ తయారవుతాయి. డబ్లిన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్‌లో జాన్ వాడింగ్‌టన్ బృందం 2007లో లేజర్ స్కాన్లతో స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్లలో నుదురు, ముక్కు భాగంలో తేడాలు చూపించింది. కానీ అవి గుంపుల సగటుల మధ్య తేడాలు. ఒక్క మనిషిని ముందు కూర్చోబెడితే ఏ గుంపో చెప్పలేం. పైగా ఇలాంటి పరిశోధన పేపర్ ఏది చూసినా నాకు మొదట వచ్చే డౌట్ మందుల గురించే. ఈ జబ్బుకి ఇచ్చే ఒలాంజపిన్ లాంటివి వాడితే బరువు పెరుగుతుంది, చెంపలు నిండుతాయి. కొలిచింది జబ్బునా, మందునా?

ముఖం నిజంగా పనికొచ్చే చోటు ఒకటుంది. 22వ క్రోమోజోములో చిన్న ముక్క లేకుండా పుట్టేవాళ్లుంటారు. పొడుగాటి ముఖం, గుండ్రటి ముక్కు మొన, బరువైన కనురెప్పలు, చిన్న చెవులు. వీటితోపాటు గుండెలో లోపం, అంగిలి సమస్య వల్ల ముక్కుతో మాట్లాడినట్టుండే గొంతు, కాల్షియం తగ్గడం. వీళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి పెద్దయ్యాక స్కిజోఫ్రెనియా లాంటి జబ్బు వస్తుంది. అక్కడ కూడా ముఖం డాక్టర్‌కి అనుమానం కలిగిస్తుంది, అంతే. తేల్చేది ఫిష్ లేదా మైక్రోఅరే అనే రక్త పరీక్ష.

కాబట్టి చూపించాల్సింది పాపని కాదు, మీ తమ్ముడిని. తనకి చిన్నప్పుడు గుండె ఆపరేషనో, అంగిలి సమస్యో, చదువులో బాగా వెనకబడటమో ఉంటే జెనెటిక్స్ డాక్టర్‌ని కలవండి. హైదరాబాద్ నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. ఒకవేళ తనకి ఆ క్రోమోజోము ముక్క లేదని తేలినా, పదింట తొమ్మిది కేసుల్లో ఆ లోపం ఆ మనిషిలోనే కొత్తగా వచ్చినది, అమ్మానాన్నల నుంచి వచ్చింది కాదు. అంటే మీకూ, మీ నుంచి పాపకీ ఉండే అవకాశం చాలా తక్కువ.

యాప్‌ల సంగతి. ముఖం ఫోటో చూసి పోల్చే ఫేస్‌టుజీన్ లాంటివి డాక్టర్లు వాడుకోవడానికి, అదీ జన్యు లోపాల వల్ల వచ్చే సిండ్రోముల కోసం. ఫోన్‌లో ఫ్రీగా దొరికేవాటికి పాప ఫోటో ఇవ్వకండి. ముక్కు వెడల్పు ఒక్కో ప్రాంతం జనంలో ఒక్కోలా ఉంటుంది, పోల్చడానికి పెట్టుకున్న ముఖాల్లో చాలావరకు యూరప్ మూలాలవాళ్లవే. మన దగ్గర బ్రిటిష్ కాలంలో రిస్లీ అనే తెల్ల అధికారి ముక్కులు కొలిచి కులాల హోదాతో ముడిపెట్టాడు, మద్రాసు మ్యూజియం అధికారి థర్‌స్టన్ కూడా కొలబద్ద పట్టుకుని ఊళ్లు తిరిగాడు. ముక్కు కొలిచి మనిషిని అంచనా కట్టేస్తామంటే నాకు ఒళ్లు మండేది అందుకే.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు తమ్ముడి పాత ఫైళ్లు, చిన్నప్పటి ఫోటోలు రెండు మూడు పట్టుకెళ్లండి, అడుగుతారు.