గిటార్ సరే, పాటలో ఏముండాలి?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది హనుమకొండ. మా చర్చి యూత్‌లో కొందరం కలిసి బ్యాండ్ నడుపుతున్నాం. మనుషుల అక్రమ రవాణా మీద తెలుగులో ఒక రాక్ ఆల్బమ్ చేద్దామనుకుంటున్నాం. పెద్దలేమో చర్చిలో ఈ డ్రమ్స్ గోలేంటి అంటున్నారు. ఫ్రెండ్స్ ఏమో పాటలతో ఈ దందా ఆగుతుందా అని నవ్వుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: చేయండి తమ్ముడూ. పెద్దవాళ్ళకు 'అమేజింగ్ గ్రేస్' గుర్తు చేయండి. అది రాసిన జాన్ న్యూటన్ ఒకప్పుడు బానిసల ఓడకు కెప్టెన్, తర్వాత ఆ వ్యాపారాన్నే ఎండగడుతూ 1788లో పుస్తకం అచ్చేశాడు. అంటే ఈ సంగతి చర్చికి కొత్తేమీ కాదు. డ్రమ్స్ సౌండ్ ఎంత ఉండాలో మీరూ మీరూ తేల్చుకోండి, అందులో నేను తలదూర్చను.

ఫ్రెండ్స్ అన్నదాంట్లో కొంత నిజముంది. పాట విని బ్రోకర్ మారడు, అసలు వాడు మీ పాట వినడు. వినేది ఇంటర్ మధ్యలో ఆపేసి ఇంట్లో ఉన్న పిల్ల, వాళ్ళమ్మ. వాళ్ళకు పనికొచ్చే ముక్క ఒక్కటైనా ఉందా అన్నదే చూడాలి. 2012లో బ్రిటన్ క్రైస్తవ గాయకుడు మాట్ రెడ్‌మన్, ఎల్‌జెడ్7 అనే బ్యాండ్ కలిసి '27 మిలియన్' అని ఒక పాట చేశారు, ప్రపంచంలో అంతమంది, అంటే 2 కోట్ల 70 లక్షల మంది, బానిసలుగా ఉన్నారని. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021కి వేసిన లెక్కలో ఆధునిక బానిసత్వంలో ఉన్నవాళ్ళు 4 కోట్ల 96 లక్షలు, అందులో 2 కోట్ల 20 లక్షలు బలవంతపు పెళ్ళిళ్ళే. కానీ ఇలాంటి అంకె చెబితే జనం అయ్యో అని ఇంటికెళ్ళిపోతారు, తమ గల్లీకి దీంతో పనేముందో వాళ్ళకు తట్టదు.

పిల్లను తీసుకెళ్ళేవాడు ముసుగేసుకొని వ్యాన్‌లో దిగడు కదా, చాలాసార్లు తెలిసినవాళ్ళే, వరసకు పిన్నో బాబాయో అయ్యేవాళ్ళే. "షాపులో పని, హాస్టల్ ఫ్రీ, రేపు పొద్దున కాజీపేటలో ట్రైన్, ఆధార్ నా దగ్గర ఉండనీ, ఇంట్లో ఇప్పుడే చెప్పకు, మొదటి జీతం పంపి సర్‌ప్రైజ్ చేద్దువు." ఈ మాటలు ఉన్నవున్నట్టు చరణంలో పెట్టండి. 'ఇంట్లో చెప్పకు' దగ్గర వాయిద్యాలన్నీ ఆపేయండి. పల్లవిలో పిల్లల హెల్ప్‌లైన్ నంబర్ 1098 రావాలి, టెన్ నైన్ ఎయిట్ అంటే బీట్‌కి బాగానే కూర్చుంటుంది. పద్దెనిమిది దాటిన ఆడవాళ్ళకైతే మహిళా హెల్ప్‌లైన్ 181, ఆపదలో ఎవరికైనా 112.

వీడియోలో మాత్రం సంకెళ్ళు, చిరిగిన బట్టలు, మూల కూర్చుని ఏడ్చే అమ్మాయి వద్దే వద్దు, నాకు అవి చూస్తే చిరాకు. బయటపడ్డ పిల్లతో సాక్ష్యం చెప్పిద్దామనే ఆలోచన ఉంటే అదీ మానుకోండి. లైంగిక నేరానికి గురైన పిల్లల వివరాలు బయటపెట్టకూడదని పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 23వ సెక్షన్ చెబుతోంది. ముఖం బ్లర్ చేశాం కదా అనకండి, ఊరు, స్కూలు, గొంతు చాలు ఎవరో తెలిసిపోవడానికి.

ప్రశ్న: మేడమ్, మా ఊరి దగ్గర ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి కుటుంబాలు పిల్లలతో సహా వస్తాయి. అడ్వాన్స్ తీసుకొని ఇష్టపడే వస్తారు. దీన్నీ అక్రమ రవాణా అంటారా?
– ఒక పాఠకురాలు, పెద్దపల్లి

జవాబు: పనికి రావడం తప్పు కాదమ్మా, అడ్వాన్స్ తీసుకున్నంత మాత్రాన నేరమూ కాదు. ఆ బాకీ తీరేదాకా కదలనివ్వకపోతే, కూలీ సరిగా ఇవ్వకపోతే అది వెట్టి, 1976 నాటి చట్టం దాన్ని రద్దు చేసింది. మోసంతోనో బెదిరింపుతోనో తెచ్చి దోచుకుంటే నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ కింద అక్రమ రవాణా, బాధితులు ఒప్పుకున్నారన్న వాదన అక్కడ చెల్లదు. వెట్టి నుంచి విడిపించే అధికారం కలెక్టర్ యంత్రాంగానిది కాబట్టి అక్కడ ఫిర్యాదు ఇవ్వండి, పిల్లలు మట్టి తొక్కుతూ కనబడితే 1098కి ఫోన్ చేయండి. ఓనర్‌తో మాత్రం మీరొక్కరే వెళ్ళి గొడవ పెట్టుకోకండి, తెల్లారేసరికి ఆ కుటుంబాలను ఇంకో బట్టీకి తరలిస్తారు.