పర్యావరణం చదివితే జీతం ఎవరిస్తారు?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా బిడ్డ బీఎస్సీ బీజెడ్‌సీ ఆఖరు సంవత్సరం. పర్యావరణం మీద పీజీ చేస్తానని పట్టుబట్టింది. బీఈడీ చేయిస్తే టీచరన్నా అయితదని మా తమ్ముళ్లు అంటున్నరు. మొక్కలు నాటే చదువుకు జీతం ఎవరిస్తరు సార్?
– ఒక రైతు

జవాబు: సూటిగా చెబుతానండీ, చట్టం ఇప్పిస్తుంది. ఈ రంగంలో కొలువులు చాలావరకు ఏదో ఒక చట్టం అడిగితే పుట్టినవే. 1974లో నీటి కాలుష్య నివారణ చట్టం వచ్చింది, దాంతోనే కాలుష్య నియంత్రణ మండళ్లు ఏర్పడ్డాయి. భోపాల్ గ్యాస్ ఘోరం తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం చేశారు. నమూనాలు పరీక్షించే ల్యాబులకు, అనలిస్టులకు గుర్తింపునిచ్చేది ఆ చట్టమే. 2006లో వచ్చిన పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం పెద్ద ఫ్యాక్టరీ పెట్టాలంటే ముందుగా అక్కడి గాలి, నీరు, నేల పరీక్షించి నివేదిక ఇవ్వాలి. మన దామరచర్ల థర్మల్ ప్లాంటునే చూడండి, అదనపు అధ్యయనం చేయాల్సిందేనని 2022లో గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది. అలాంటి అధ్యయనాలు చేసేది మీ అమ్మాయిలాంటి పిల్లలే.

మొక్కలు నాటడం ఈ చదువులో చిన్న ముక్క. అసలు పని ల్యాబులో ఉంటుంది. మర్రిగూడ బోరు నీళ్లలో ఎర్రటి రియేజెంటు, అంటే పరీక్షించే రసాయనం కలిపితే, ఫ్లోరైడ్ ఎంత ఎక్కువుంటే ఎరుపు అంత వెలిసిపోతుంది. ఆ రంగును యంత్రంతో కొలిచి లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో రాస్తారు. 1.5 దాటితే తాగడానికి పనికిరావు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగ్‌పుర్‌లోని నీరి సంస్థ పెట్టిన పేరే ‘నల్లగొండ టెక్నిక్’. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకరపోయిన మనుషుల్ని చూస్తూ పెరిగిన పిల్ల ఈ చదువే కావాలంటోందంటే, దాన్ని మొండితనమని నేను అనుకోను.

ఇక చేయాల్సింది. పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్‌లో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌తో పాటు కెమిస్ట్రీ పేపరు కూడా రాయించండి. రెండింట్లో సీటొస్తే నా ఓటు కెమిస్ట్రీకే. కాలుష్య నియంత్రణ మండలిలో అనలిస్టు పోస్టు పడినా, ప్రైవేటు ల్యాబైనా, పోలేపల్లి, చౌటుప్పల్ వైపు ఫార్మా కంపెనీలైనా ముందు అడిగేది అదే. పర్యావరణాన్ని ఆ పునాది మీద కట్టుకోవచ్చు. ప్రభుత్వ పోస్టులు తక్కువ, నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో చెప్పలేం. అందుకని వాటినొక్కటే నమ్ముకుని కూర్చోవద్దని అమ్మాయికి ఇప్పుడే చెప్పండి.

అడవి మీద మక్కువ ఉంటే ఇండియన్ ఫారెస్ట్ సర్వీసు ఉంది. బీజెడ్‌సీలో చదివే వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం మూడూ దానికి పనికొచ్చేవే. నాలుగు గంటల్లో 14 కిలోమీటర్లు నడిచే పరీక్ష కూడా ఉంటుంది, అది పల్లెపిల్లకు పెద్ద లెక్క కాదు. చదువు, అడవులు రెండింటినీ 1976లో 42వ సవరణే ఉమ్మడి జాబితాలో చేర్చింది. ఇది గ్రూప్స్‌కు చదివేటప్పుడు అక్కరకొస్తుంది. పైగా రెండింటి మీదా కేంద్రమూ రాష్ట్రమూ చట్టాలు చేస్తాయి కాబట్టి, ఢిల్లీ ఉద్యోగ నోటిఫికేషన్లూ హైదరాబాద్ ఉద్యోగ నోటిఫికేషన్లూ రెండూ చూస్తుండాలి.

మీ తమ్ముళ్ల మాట కూడా తీసిపారేసేది కాదు. జాతీయ విద్యా విధానం 2020 వచ్చాక నాలుగేళ్ల ఆనర్స్ చేసినవాళ్లకు పీజీ ఏడాదే. మీ అమ్మాయిది మూడేళ్ల డిగ్రీ, కాబట్టి పీజీకి రెండేళ్లు పడుతుంది. ఆ ఖర్చు ఇంటికి బరువైతే బీఈడీ ముందు చేసినా తప్పులేదు, జీవశాస్త్రం టీచరుగా డీఎస్సీ రాయొచ్చు. పర్యావరణాన్ని అన్ని తరగతుల్లో తప్పనిసరిగా చెప్పాలని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది, ఆ పాఠం చెప్పేవాళ్లూ కావాలి. బీఈడీకి ఎడ్‌సెట్, పీజీకి సీపీగెట్ రెండూ రాయించి, ర్యాంకులు చేతికొచ్చాక ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని తేల్చుకోండి. ఈలోగా జిల్లాలో నీళ్లు పరీక్షించే ల్యాబుకు ఒకరోజు తీసుకెళ్లి ఆ పని చూపించండి. మీరూ వెంట వెళ్లండి.