మధిరలో గది తీసుకోబోయే మేనకోడలికి

అమ్మాయీ,

నీ సందేశం చదివాను. బ్యాంకు ఉద్యోగం వచ్చినందుకు సంతోషం. మధిర శాఖలో వేశారని మీ ఇంట్లో ఇంత గొడవ జరుగుతోందని మాత్రం అనుకోలేదు. బావేమో చిన్న ఊళ్ళో ఒంటరి ఆడపిల్ల ఎలా ఉంటుంది, ఖమ్మంలో ఉండి రోజూ స్కూటీ మీద వెళ్ళి రమ్మంటున్నాడు. మీ అమ్మేమో ఖమ్మం పేరెత్తితేనే గొలుసు దొంగలంటోంది, మధిర అయితే నలుగురూ తెలిసిన ఊరని వాదిస్తోంది. ఇద్దరి మధ్యా నలిగి నువ్వు నన్ను అడిగావు, రెండింటిలో ఏది భద్రమని.

స్టేషన్ రైటరుగా పనిచేసినవాణ్ణి కనుక నాకు తెలిసి ఉంటుందనుకున్నావు. తెలిసింది ఇదీ. ఎఫ్‌ఐఆర్ రాసినవాడికి ఏది పుస్తకంలోకి ఎక్కుతుందో తెలుస్తుంది. ఏది ఎక్కకుండా గేటు దాటి వెనక్కి పోతుందో అంతకంటే బాగా తెలుస్తుంది. కాబట్టి ఏ ఊళ్ళో నేరాలు తక్కువ అని వెతకడం మానెయ్యి. నాకేదైనా జరిగితే ఎంతసేపటికి ఎవరు వస్తారు, వచ్చినవాళ్ళు దాన్ని కాగితం మీద పెడతారా, పెట్టాక ఊరు నన్ను బతకనిస్తుందా అని ఆరా తియ్యి. మీ అమ్మానాన్నల వాదంలో ఈ మూడూ లేవు.

ముందు మీ అమ్మ భయం సంగతి. ఆమె ఖమ్మం దొంగలను చూసింది పేపర్లో. ఈనాడు 1989లో జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. అంతకుముందు రాష్ట్రమంతటికీ ఒకే పేపరు ఉన్నప్పుడు హత్య జరిగితేనే మన ఊరి పేరు కనిపించేది. ఇప్పుడు మోటారు సైకిలు పోయినా, పక్కింటివాళ్ళు కొట్టుకున్నా ఫొటోతో సహా వస్తుంది. జిల్లా కేంద్రంలో విలేకరులు ఎక్కువ, స్టేషన్లు ఎక్కువ, పొద్దున్నే స్టేషన్‌కు ఫోను చేసి రాత్రి ఏం జరిగిందని అడిగే అలవాటూ ఎక్కువ. మారుమూల మండలంలో జరిగింది ఆ పేజీకి చేరాలంటే శవమో, ధర్నానో ఉండాలి. మీ అమ్మ రోజూ చదివేది వార్తలు ఎక్కడ దొరుకుతాయో చెప్పే పటం. దాన్ని ఆమె నేరాల పటం అనుకుంటోంది.

లెక్కలు చూస్తే తేలుతుంది కదా అంటావు. నువ్వు లెక్కల మనిషివే, చూడు. కానీ ఎలా తయారవుతాయో తెలుసుకుని చూడు. జాతీయ నేర నమోదు సంస్థ ఏటా ఇచ్చే నివేదికలో నగరాల పట్టికలన్నీ ఇరవై లక్షలకు పైగా జనాభా ఉన్న 19 మహానగరాలవి. మన వైపు నుంచి అందులో ఉన్నది హైదరాబాదు. ఖమ్మం లాంటి ఊరు జిల్లా మొత్తంతో కలిసి ఒకే వరుసలో ఉంటుంది. పట్నం ఎంత, పల్లె ఎంత అని విడదీయడం కుదరదు. ఒకే ఎఫ్‌ఐఆర్‌లో నాలుగు నేరాలుంటే అన్నిటికంటే పెద్దదాన్ని ఒక్కదాన్నే లెక్కిస్తారు. పైగా అవి నమోదైన కేసులు. లక్ష జనాభాకు ఎన్ని కేసులని చూస్తే కేరళ తరచూ పైవరుసలో ఉంటుంది. అక్కడ స్టేషన్‌కు వెళ్ళి రాయించడం జనానికి అలవాటు, రాయడం పోలీసులకు అలవాటు. కేసులు ఎక్కువ కనబడే చోట ఫిర్యాదుకు విలువ ఉందని కూడా అర్థం కావచ్చు.

పల్లెల్లో, చిన్న ఊళ్ళలో ఏం జరుగుతుందో చెప్తాను. పెరట్లో బంగారం పోతుంది. తీసినవాడు ఎవరో ఇంట్లో అందరికీ తెలుసు, వరసకు మరిది. పెద్దమనుషులు కూర్చుంటారు, సగం తిరిగి ఇప్పిస్తారు, మిగతా సగానికి ప్రమాణం చేయిస్తారు. కేసు లేదు. ఆడపిల్ల విషయమైతే కూర్చునే తొందర ఇంకా ఎక్కువ, రాయించే తొందర ఇంకా తక్కువ. అత్యాచారం కేసుల్లో నూటికి 90కి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్ళేనని ఆ సంస్థ నివేదికలే ఏటా చెబుతున్నాయి. "నలుగురూ తెలిసిన ఊరు" అని మీ అమ్మ అన్నప్పుడు ఈ మాట నాకు గుర్తొచ్చింది. ఆమెకు చెప్పలేదు, నీకు చెప్తున్నాను.

ఇంకొకటి. ఊరు ప్రశాంతంగా ఉందంటే ఎవరికి ప్రశాంతమని అడగాలి. 1985 జూలై 17కు ముందు కారంచేడు మంచి పంటలు పండే, డబ్బున్న ఊరు. 1991 ఆగస్టు 6కు ముందు చుండూరు రైలు ఆగే పచ్చని ఊరు. ఆ రెండు తేదీల్లో జరిగిన దళితుల ఊచకోతల తర్వాతే బయటివాళ్ళకు తెలిసింది, ఆ పచ్చదనం కింద మాల మాదిగ పల్లెలు ఏ భయంతో బతికాయో. నువ్వు గది అడగడానికి వెళ్ళినప్పుడు మూడో ప్రశ్నగానో నాలుగో ప్రశ్నగానో "మీరేమిట్లు?" అని, అంటే కులం అడుగుతారు. ఖమ్మంలోనూ అడుగుతారు, కాకపోతే అక్కడ నచ్చకపోతే పక్క వీధికి వెళ్ళవచ్చు. చిన్న ఊళ్ళో ఇవాళ ఒక ఇల్లు వద్దంటే రేపటికి వీధంతా తెలుస్తుంది. ఆ ప్రశ్న అడిగిన తీరును బట్టి ఇంటివాళ్ళను అంచనా వెయ్యి.

భయం పల్లెకు వెళ్ళదనీ అనుకోకు. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకారు లేచినప్పుడు తెలంగాణ పల్లెలు రాత్రంతా కర్రలు పట్టుకుని కాపలా కాశాయి. అడుక్కునేవాళ్ళు, మతి స్థిమితం లేనివాళ్ళు, దారి తప్పినవాళ్ళు దెబ్బలు తిన్నారు, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరికి కానిస్టేబుళ్ళు తెచ్చిన మొదటి కబురు ఏమిటో తెలుసా? ఎండాకాలంలో ఆరుబయట మంచాలు వేసుకునే జనం తలుపులు బిగించుకుని లోపల పడుకుంటున్నారని. ఆమె ఊరికొక పోలీసును పెట్టి, జానపద కళాకారులతో పాటలు పాడించి, డప్పు కొట్టించి పుకారును ఆపింది. మంచాలు లోపలికి వెళ్ళాయన్న కబురును నేరం కబురుగా తీసుకోవడం మా శాఖలో నేను మెచ్చుకున్న పనుల్లో ఒకటి. నువ్వు కూడా మధిరలో ఎవరైనా "ఈ మధ్య రోజులు బాగాలేవు" అంటే, ఏం జరిగింది, ఎప్పుడు, ఎవరింట్లో అని మూడు ప్రశ్నలు వెయ్యి. సగం కథలు మొదటి ప్రశ్న దగ్గరే పక్క మండలానికి వెళ్ళిపోతాయి.

ఫలానా పేటవాళ్ళు దొంగలు, అటు వెళ్ళకు అనే సలహా కూడా వింటావు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం ఎరుకలవాళ్ళ మీద ఆ ముద్ర తెల్లవాళ్ళు చట్టం చేసి మరీ వేశారు. నేరస్థ తెగల చట్టం 1952లో పోయింది. ఊరి పేరు వినగానే నవ్వే నవ్వు పోలేదు. అక్కడినుంచి వచ్చిన పిల్లలు ఉద్యోగానికి వెళ్ళి ఊరి పేరు చెప్పడానికి తడబడటం నేను చూశాను. ఏ పేట సంగతైనా ఆ పేటలో అద్దెకున్న ఆడవాళ్ళను అడుగు. ఆటో అతణ్ణి అడగకు.

ఇక బావ చెప్పిన స్కూటీ. నాకు కోపం తెప్పించింది ఇదే. బ్యాంకు తలుపులు వేసి, లెక్క సరిచూసి నువ్వు బయటపడేసరికి చీకటి పడుతుంది. అప్పుడు ఖమ్మం దాకా ఆ రోడ్డు మీద, ఎదురుగా వెలుతురు తగ్గించని లారీలు, రోడ్డు మీదే ఆరబోసిన మక్కలు, వెనక దీపం లేని ట్రాక్టరు ట్రక్కులు, పడుకున్న గేదెలు. 2022లో దేశంలో 28,522 హత్య కేసులు నమోదయ్యాయి. అదే ఏడాది రోడ్ల మీద పోయినవాళ్ళు 1,68,491 మంది. దాదాపు ఆరు రెట్లు. ఆ చావుల్లో నూటికి 68 గ్రామీణ ప్రాంతాల రోడ్ల మీదివి, నూటికి 44కు పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్ళవి. చిన్న ఊళ్ళో ఒంటరిగా ఉండటానికి భయపడి కూతుర్ని రోజూ రెండుసార్లు ఆ రోడ్డెక్కిస్తానంటున్న తండ్రికి ఏం చెప్పాలి? బావను కనుక ఊరుకున్నాను.

నా మాట ఇది. మధిరలోనే గది తీసుకో. ఖమ్మానికి రాకపోకలు రైల్లో పెట్టుకో, స్టేషన్ ఉన్న ఊరే కదా. రైల్లో ఏ ఇబ్బంది వచ్చినా 139. స్కూటీని ఊళ్ళో తిరగడానికి, పగలు మాత్రమే, హెల్మెట్‌తో వాడు. ఒకవేళ మొదటి ఆరు నెలల్లో ఊరు నీకు సరిపడకపోతే అప్పుడు ఖమ్మం మారి రైలు వేళలను బట్టి నడుచుకో.

గది చూడటానికి మధ్యాహ్నం వెళ్ళకు. మధ్యాహ్నం ప్రతి వీధీ బాగుంటుంది. రాత్రి ఎనిమిదింటికి బ్యాంకు దగ్గర బయలుదేరి ఇంటి దాకా నడువు. ఏ దుకాణాలు ఇంకా తెరిచి ఉన్నాయో చూడు. మందుల షాపు, టిఫిన్ బండి, ఇస్త్రీ బల్ల ఉన్న దారి వీధి దీపాలున్న దారి కంటే మేలు, ఎందుకంటే దీపం కేక వేస్తే పలకదు. బెల్టు షాపు ఎక్కడుందో మాత్రం తప్పకుండా కనుక్కో. బోర్డు ఉండదు, కిరాణా కొట్టే అయి ఉంటుంది, బయట నిలబడ్డవాళ్ళను బట్టి తెలుస్తుంది. ఆ దారి మానుకో.

ఇంట్లో ముందు తలుపు తాళం గురించి అందరూ చెప్తారు. నువ్వు పెరటి తలుపు చూడు. చిన్న ఊళ్ళలో స్నానాలగది, మరుగుదొడ్డి పెరట్లో ఉన్న ఇళ్ళు ఇంకా చాలా ఉన్నాయి. అర్ధరాత్రి గడియ తీసి బయటికి వెళ్ళాల్సిన ఇల్లు ఎంత చవకైనా వద్దు. అది మనుషుల భయం ఒక్కటే కాదు, పాముల కాలంలో పెరడు వేరే సంగతి. ఇంటివాళ్ళు కిందో పక్కనో ఉండాలి, వాళ్ళింట్లో ఒక ఆడమనిషి రోజంతా ఇంట్లో ఉంటే మరీ మంచిది. ఆవిడ నీ రాకపోకలు లెక్కపెడుతుంది, చుట్టాలు వస్తే ఎవరని అడుగుతుంది. విసుగొస్తుంది. కొంత పడు, అది నీకు కాపలా కూడా. కానీ నీ గదిలోకి నువ్వు లేనప్పుడు వెళ్ళే హక్కు, నీ గురించి మీ అమ్మకు ఫోను చేసే హక్కు ఆ కాపలాలో భాగం కాదని మొదటి నెలలోనే నవ్వుతూ చెప్పెయ్యి. కెమెరా ఉందంటే తెర చూపించమను. వైరు తెగిన కెమెరాలు ఎన్ని గోడలకు వేలాడుతున్నాయో మాకు తెలుసు.

చేరిన వారంలో ఒకసారి స్టేషన్‌కు వెళ్ళు. ఫిర్యాదు లేనప్పుడు వెళ్ళడమే మంచిది. ఫలానా బ్యాంకులో చేరాను, ఫలానా వీధిలో ఉంటున్నాను, ఇక్కడ గస్తీ తిరిగే బీటు పోలీసు ఎవరు అని అడుగు. వాళ్ళు ఎలా మాట్లాడారో నాకు ఫోను చేసి చెప్పు, నీ ప్రశ్నకు అసలు జవాబు అక్కడే ఉంది. అత్యవసర నంబరు 112కు చేసినప్పుడు ఫోను ఎత్తేవారు నీ వీధి ఎరిగినవారు కాదు, కనుక ముందు ఊరు, మండలం, పక్కనున్న గుడో బడో చెప్పి ఆ తర్వాత సంగతి చెప్పు.

మధిర సరిహద్దు ఊరు. కాస్త దూరం పోతే ఆంధ్రప్రదేశ్. జరిగింది మా పరిధి కాదు, అటు వెళ్ళండి అని ఎవరైనా అంటే వినకు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా రాయించవచ్చు. జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. ఆన్‌లైన్‌లో పంపినా మూడు రోజుల్లో వెళ్ళి సంతకం పెడితే చెల్లుతుంది. నకలు ఉచితంగా ఇవ్వాలి. రాయకపోతే పై అధికారికి, ఖమ్మంలో అయితే పోలీసు కమిషనర్‌కు, పోస్టులో పంపు. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు ఉన్నారు. కాగ్నిజబుల్ నేరమైతే, అంటే వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగలిగేదైతే, రాసి తీరాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. అయినా "పెద్దవాళ్ళను పిలిపిస్తాను, కూర్చుని మాట్లాడుకోండి" అనేవాళ్ళు ఉంటారు. కూర్చుంటే కూర్చో. రాజీ కాగితం మీద మాత్రం నాకు చూపించకుండా సంతకం పెట్టకు.

సైబర్ మోసాల గురించి బ్యాంకు మనిషికి నేను చెప్పేదేముంది. 1930 నంబరు మీ కౌంటరు ముందు పెద్ద అక్షరాలతో అతికించు, నీకంటే నీ దగ్గరికి వచ్చే పెన్షన్ ముసలివాళ్ళకు అవసరం. పండక్కి ఇంటికి వచ్చేటప్పుడు బంగారం గదిలో వదలకు, బయటికి కనబడే తాళం వేలాడదీయకు, స్టేషన్లో ఒక మాట చెప్పి రా.

శనివారం మీ ఇంటికి వస్తాను. రోడ్డు లెక్కలు బావకు నేనే చెప్తాను, నువ్వు మధ్యలో రాకు. ఈలోగా రెండు మూడు ఇళ్ళు చూసి పెట్టు, ఖాయం చేసే ముందు పెరటి వైపు ఫొటో తీసి పంపు. అడ్వాన్సు రెండు నెలల కంటే ఎక్కువ అడిగితే ఒప్పుకోకు.

మీ మామయ్య