టైరు మార్చే ముందు రిమ్ము చూపించండి

భీమవరంలో మీ నాన్నగారి కారుకి ముందు టైరులో వారానికి ఏడెనిమిది పాయింట్ల (పీఎస్ఐ) గాలి దిగిపోతోంది, వెతికినా మేకు కనబడలేదు, టైరు మార్చేయాలా అని అడిగారు. మార్చకండి. భీమవరం అన్నారు కాబట్టి కారు చూడకుండానే చెప్తున్నాను, అది చాలావరకు రిమ్ము దగ్గర లీకే అయ్యుంటుంది.

మాది రాజోలు పక్క. మా కారుకీ ఇదే రోగం పట్టింది. బంకులో గాలి కొట్టిస్తే నాలుగు రోజులు బాగుండేది, మళ్లీ టైరు చతికిలబడేది. టౌన్లో ఏసీ టైర్ల షాపుకి తీసుకెళ్తే అక్కడి కుర్రాడు చక్రం విప్పకుండా పైపైన సబ్బు నీళ్లు చల్లి, "పంక్చరేం లేదు సార్, టైర్లు పాతబడ్డాయి, ముందు రెండూ మార్చేద్దాం" అన్నాడు. వెంట వచ్చిన మా బావమరిదేమో నైట్రోజన్ కొట్టించమంటాడు. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. దాన్ని విడిగా డబ్బులిచ్చి కొనుక్కోవడం ఎందుకో నాకు ఎక్కదు. చిల్లు ఉన్నాక ఏ గాలైనా బయటికే పోతుంది కదా!

చివరికి మలికిపురం రోడ్డులో ఓ పంక్చర్ షాపు దగ్గర ఆపాను. అక్కడి పెద్దాయన నేను చెప్పేది పూర్తిగా వినకుండానే చక్రం విప్పేసి, గాలి నిండుగా ఎక్కించి, సగానికి కోసిన డ్రమ్ములో నీళ్లలో నిలబెట్టి మెల్లగా తిప్పాడు. గుండీల మీద, అంటే రోడ్డుకి ఆనే భాగంలో, ఏమీ లేదు. వాల్వు దగ్గరా లేదు. కారు కిందికి ఉండే లోపలి వైపు రిమ్ము అంచు నీళ్లలో మునిగేసరికి, ఆవగింజంత బుడగలు ఒకదాని వెనక ఒకటి తేలాయి. వేలితో తుడిచేస్తే ఒక్క క్షణం ఆగి మళ్లీ అక్కడి నుంచే మొదలు. "టైరుకేం తెగుల్లేదండి, రిమ్ముకొచ్చిందండి, ఆయ్" అన్నాడు.

టైరు ఊడదీస్తే, రబ్బరు ఆనుకునే చోట అల్లాయ్ మీద పూత పొక్కిపోయి తెల్లటి పొడి కట్టి ఉంది. వైరు బ్రష్షుతో గీకి, శాండ్ పేపర్‌తో రుద్ది, గోరుతో తడిమి చూసి మళ్లీ రుద్దాడు. టైరు అంచు కూడా తుడిచి, టైరు అంచుకీ రిమ్ముకీ మధ్య సందు మూసే నల్లటి బీడ్ సీలర్ పూసి ఎక్కించాడు. మళ్లీ డ్రమ్ములో ముంచితే బుడగ లేదు. ఖర్చు కొత్త టైరు ధరలో పదో వంతు కూడా కాలేదు.

మా వైపు ఇది ఎక్కువ, ఎందుకంటే అంతా ఉప్పు, అది రిమ్ముని తినేస్తుంది. రొయ్యల లోడు బళ్లు ఐసు నీళ్లు కార్చుకుంటూ 216 హైవే పొడవునా పోతుంటాయి. వెనకాల వెళ్తే అద్దం మీద పడేది వానో రొయ్యల నీళ్లో తెలియదు. కింద ఓ తొట్టి పెట్టుకోమని వాళ్లకి చెప్పే నాథుడు లేడు. ఆ పైన చెరువు గట్ల మీదకి కారు తోలడం, ఇంటికొచ్చాక పైన మెరిసేలా కడిగి చక్రాల లోపలికి ఒక్క చుక్క నీళ్లు కొట్టకపోవడం. లెక్కలు అడక్కండి గానీ, మా ఊళ్లో నేను చూసిన లీకుల్లో మేకుల వాటా తక్కువే. ఎడ్లబళ్లు తిరిగే రోజుల్లో నాడా మేకులు దిగేవి, ఇప్పుడా బళ్లే లేవు.

చలికాలం పొద్దున్న ఒకటి రెండు పాయింట్లు తగ్గితే కంగారు పడకండి, చలికి గాలి కుంచించుకుపోతుంది. వారానికి ఏడెనిమిది అంటే మాత్రం లీకే. బండి తోలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు నాలుగూ కొలవమనండి. ఎంత ఉండాలో డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్ మీద ఉంటుంది. వాల్వు మూత తీసి ఉమ్మి తడి పెడితే లోపలి పిన్ను దగ్గర గాలి పోతోందో లేదో ఇంట్లోనే తేలిపోతుంది. నిజంగా గుండీల్లో మేకే ఉంటే పంక్చర్ వేయించుకోవచ్చు, పక్క గోడలో దిగితే మాత్రం టైరు మార్చాల్సిందే. తక్కువ గాలితో దూరం తోలనివ్వకండి, పక్క గోడలు వేడెక్కి పాడైపోతాయి.

రిమ్ముకి పని చేయించేటప్పుడే రబ్బరు వాల్వు కూడా కొత్తది వేయమనండి. ఎలాగూ టైరు ఊడదీస్తారు, మళ్లీ దానికోసం విప్పించక్కర్లేదు.