దేవుణ్ణి నమ్ముకుంటే అప్పుల బాధ తీరుతుందా?

రోజూ ప్రార్థన చేస్తున్నా అప్పుల్లో ఏ మార్పూ లేదు, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, ఇంకెన్నాళ్లు నమ్మాలి అని అడిగారు. మా ఇంట్లో జరిగింది చెప్తాను, మీకు పనికొస్తుందేమో చూడండి.

మాది ప్రకాశం జిల్లా, బాప్టిస్టు క్రైస్తవ కుటుంబం. నాన్న పొగాకు వేసేవారు. 2015లో ధర పడిపోయింది, వేలం కేంద్రానికి తీసుకెళ్లిన బేళ్లు కొనే నాథుడు లేక వెనక్కి వచ్చేవి, రైతుల ఆత్మహత్యల వార్తలు వచ్చిన పేపరును అమ్మ నాన్న కంట పడకుండా దాచేసేది. కౌలుకీ, పొగాకు కాల్చే బ్యారన్‌కీ, కూలీలకీ తెచ్చిన డబ్బంతా నూటికి మూడు రూపాయల వడ్డీ, అంటే లక్షకు ఏడాదికి 36 వేలు. ఆ వడ్డీ కట్టాక ఏ పంటలో మాత్రం మిగులుతుంది?

ప్రార్థన మాత్రం ఒక్కపూట కూడా మానలేదు. కానీ ఏమని చేసేవాళ్లం? "ప్రభువా, మా ఇబ్బందులు నీకు తెలుసు", అంతే. మొత్తం ఎంత అప్పో నాన్న అమ్మకు కూడా చెప్పలేదు. మందిరంలో ఎవరైనా పలకరిస్తే "దేవుని కృప, బాగున్నామండి" అనేవాళ్లం.

ఒక రోజు స్త్రీల కూడికలో ప్రార్థన అవసరతలు చెప్పమంటే అమ్మ లేచి, మాకు మూడు రూపాయల వడ్డీ అప్పులున్నాయి, ఆయన నిద్రపోవడం లేదు, నాకు భయంగా ఉంది అని అందరి ముందూ చెప్పేసింది. పరువు తీశావని నాన్న కొన్నాళ్లు ఆమెతో మాట్లాడలేదు. అయితే ఆ కూడికలో ఉన్న ఒకావిడ భర్త బ్యాంకులో చేసి రిటైరైన మనిషి. ఆయన మా ఇంటికొచ్చి, నాన్నను కూర్చోబెట్టి, ఎవరికెంత, ఏ వడ్డీకి అని పైసలతో సహా రాయించారు. అమ్మ బంగారం బ్యాంకులో పెట్టి పంట రుణం తీసుకుని ముందు ఆ మూడు రూపాయల అప్పుల్లో పెద్దది తీర్చేశాం, బ్యాంకు వడ్డీ అందులో నాలుగో వంతు మాత్రమే. కౌలు పొలం వదిలేశాం. మిగతావి తీరడానికి ఏళ్లు పట్టింది, ఒక బంధువు బాకీ ఇప్పటికీ ఉంది.

ఇది దేవుడు చేశాడా, ఆ బ్యాంకు అంకుల్ చేశాడా అని మా తమ్ముడు ఇప్పటికీ వాదిస్తాడు. అమ్మ అసలు పట్టించుకోదు. నా మటుకు నాకు రెండూ వేరు కాదు. మా ఒంగోలు వైపు సంఘాల చరిత్ర తెలిసినవాళ్లకు ఇది కొత్తేం కాదు: 1876-78 కరువులో జాన్ క్లౌ అనే అమెరికన్ మిషనరీ బకింగ్‌హామ్ కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న వేలమందికి కూలి ఇప్పించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు పోయేదాకా బాప్తిస్మాలు ఆపేశాడు కూడా. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నది ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ కాలువ పనిలో దేవుడు లేడని మా వైపు ఎవరూ అనరు.

ఇంత కానుక వేస్తే అప్పు మాయమైపోతుందని చెప్పేవాళ్లు మీకు కచ్చితంగా తగులుతారు. వాళ్లకు దూరంగా ఉండండి. ఉన్న డబ్బు కూడా పోతుంది.

ఎన్నాళ్లు అన్నదానికి నా దగ్గర జవాబు లేదు. నమ్మకం మానేయమని మాత్రం అనను, మా నాన్న ఆ రోజుల్లో లేచి పొలానికి వెళ్లడానికి అదే కారణం. కానీ మీ అప్పు ఎంతో మీ ఇంట్లోవాళ్లకు తెలుసా? మీరది రాయలేదు. తెలియకపోతే ముందు వాళ్లకు అంకెతో సహా చెప్పండి, తర్వాత మీ సంఘంలో లెక్కలు తెలిసిన, నోరు జారని మనిషి ఒకరికి చెప్పండి. చచ్చిపోదామన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే ఆదివారం దాకా ఆగకండి, 14416కి ఫోన్ చేయండి, అది ప్రభుత్వ హెల్ప్‌లైన్, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు.