అమ్మతో తక్కువ ఖర్చులో ఇటలీ: ఎక్కడ పొదుపు చేయాలి, ఎక్కడ చేయకూడదు

మోకాళ్ల నొప్పులున్న, అరవై దాటిన అమ్మగారిని తీసుకుని పది రోజుల్లో రోమ్, ఫ్లారెన్స్, పీసా, వెనిస్, మిలాన్, అమాల్ఫీ తీరం తక్కువ ఖర్చుతో చూసి రావడం సాధ్యమా అని మీరు అడిగారు. దాదాపు అదే వయసులో, అవే నొప్పులతో ఉన్న మా అమ్మను నేను ఒక నవంబరులో ఇటలీకి తీసుకువెళ్లాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: తక్కువ ఖర్చులో వెళ్లి రావడం సాధ్యమే, కానీ మీ జాబితాలోని ఊళ్లను సగానికి తగ్గించాలి. ఇటలీలో మన డబ్బును, పెద్దవాళ్ల ఓపికను ఒకేసారి హరించేది ఊరు మారడం. ఊరు మారిన ప్రతిసారీ రైలు టికెట్టు ఒక్కటే ఖర్చు కాదు. ఉదయం పదీ పదకొండు గంటలకు ఒక గది ఖాళీ చేసి, మధ్యాహ్నం రెండూ మూడు గంటల దాకా ఇంకో గది దొరకక, పెట్టెలు భద్రపరచడానికి ఒకచోట రుసుము కట్టి, అలసిన అమ్మ కోసం టాక్సీ పిలిచి, ఎక్కడ కనబడితే అక్కడ భోజనం చేసేసరికి సగం రోజు, ఒక రాత్రి గది అద్దెలో చెప్పుకోదగ్గ భాగం పోతాయి.

అందుచేత నా సలహా రెండే మజిలీలు. మొదట రోమ్, ఆ తర్వాత ఉత్తర ఇటలీలోని బొలోన్యా. బొలోన్యా పేరు మన ప్రయాణ ప్యాకేజీలలో అంతగా వినబడదు గాని, పెద్దవాళ్లతో వెళ్లేవారికి అంతకంటే అనువైన ఊరు నాకు ఇటలీలో కనబడలేదు. ఊరి నడిబొడ్డు చదునుగా ఉంటుంది. వీధుల పొడవునా ఇళ్ల కింద కమానులతో కప్పిన నడవలు ఉంటాయి. అన్నీ కలిపితే సుమారు 62 కిలోమీటర్లు, 2021లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాన పడినా, ఎండ కాసినా అమ్మ ఆ నడవల కింద తన వేగంతో నడవగలిగింది. అక్కడినుంచి ఫ్లారెన్స్‌కు వేగవంతమైన రైలులో నలభై నిమిషాల లోపే చేరవచ్చు, వెనిస్‌కు చవకైన ప్రాంతీయ రైలులో రెండు గంటలు పడుతుంది. రెండింటినీ పగటిపూట చూసి, రాత్రికి అదే గదికి, అదే మంచానికి తిరిగి రావచ్చు. అయితే బొలోన్యాలో పెద్ద వాణిజ్య ప్రదర్శనలు జరిగే రోజుల్లో గది అద్దెలు బాగా పెరుగుతాయి కాబట్టి తేదీలు ఖాయం చేసే ముందు అది చూసుకోండి. దుబాయి మీదుగా వెళ్లే పక్షంలో రోమ్‌లో దిగి, తిరుగు ప్రయాణం బొలోన్యా నుంచో వెనిస్ నుంచో పెట్టుకునే వీలు ఉంటుంది. టికెట్టు ధర కొంచెం ఎక్కువైనా, మళ్లీ రోమ్‌కు రావలసిన రైలు ఖర్చు, ఒక రోజు శ్రమ మిగులుతాయి.

అమాల్ఫీ తీరాన్ని మాత్రం ఈసారికి వదిలేయండి. ఫొటోలలో కనిపించే ఆ ఊళ్లన్నీ కొండ మీద మెట్ల చుట్టూ కట్టినవి. మోకాళ్ల నొప్పులున్నవారికి అవి అందంగా కనబడే శిక్ష. అలాగే వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ బసిలికా అనే పెద్ద చర్చి గోపురం ఎక్కడానికి 551 మెట్లున్నాయి, లిఫ్టు టికెట్టు కొన్నా ఇంకా 320 మెట్లు మిగులుతాయి. ఫ్లారెన్స్ కెథడ్రల్ గోపురానికి 463 మెట్లు, లిఫ్టు లేదు. వాటికి కట్టే డబ్బు మిగుల్చుకుని, అమ్మగారిని కింద ప్రశాంతంగా కూర్చోబెట్టి చూపించండి. రోమ్ వీధుల్లో పరిచిన నల్లరాళ్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి, తడిస్తే జారతాయి. మెత్తని అడుగున్న, పట్టు ఉన్న బూట్లు ఇక్కడే కొని, ఒక నెల ముందునుంచే వాటితో నడిపించడం అవసరం.

కాలం విషయానికి వస్తే, నవంబరు మొదలుకొని మార్చి ఆరంభం వరకు, క్రిస్మస్, కొత్త సంవత్సరం సెలవులు తప్పించి, గదులు చవకగా దొరుకుతాయి, రద్దీ తక్కువగా ఉంటుంది. నవంబరులో రోమ్‌లో పగటి చలి మన వాళ్లు స్వెట్టరుతో ఓర్చుకోగలిగినంతే ఉంటుంది. వానలు పడతాయి, సాయంత్రం అయిదు గంటలకల్లా చీకటి పడుతుంది. నా దృష్టిలో చీకటి త్వరగా పడటం లోపం కాదు, పెద్దవాళ్లను వేళకు గదికి చేర్చడానికి అది మంచి కారణమే.

బస విషయంలో మాత్రం ఎక్కువ పొదుపు చూపకండి. స్టేషనుకు దగ్గరగా, లిఫ్టు ఉన్న గదికి రోజుకు కొన్ని యూరోలు ఎక్కువ ఇవ్వడం మొత్తం ప్రయాణంలోకెల్లా ఫలితమిచ్చే ఖర్చు. పాత భవనాల్లో చాలాచోట్ల లిఫ్టు ఉండదు, ఉన్నా వీధి నుంచి దాని వరకు పది పన్నెండు మెట్లు ఉండవచ్చు. కనుక లిఫ్టు ఉందా అని మాత్రమే కాకుండా, వీధి తలుపు నుంచి గది తలుపు దాకా మొత్తం ఎన్ని మెట్లని రాసి అడగండి. క్రైస్తవ సన్యాసినుల మఠాలు నడిపే అతిథిగృహాలు కూడా రోమ్‌లో చాలా ఉన్నాయి. ఏ మతం వారికైనా గది ఇస్తారు, పరిశుభ్రంగా ఉంటాయి, రాత్రి ఒక వేళకు తలుపు మూసేస్తారు. మేము దిగింది అలాంటి చోటే. అమ్మ అక్కడ పొందిన నిశ్చింత ఏ హోటలులోనూ పొందేది కాదని నా నమ్మకం. ఇంకో సంగతి: 1975 నాటి ప్రభుత్వ నిబంధన ప్రకారం ఇటలీలో ప్రతి ఇంట్లో కనీసం ఒక స్నానాలగదిలో నీటితో శుభ్రపరచుకునే బిడే ఉండాలి. ఐరోపా అనగానే కాగితం గురించి బెంగపడే మన పెద్దవాళ్లకు ఈ ముక్క ముందే చెబితే సగం భయం పోతుంది. బుక్ చేసినప్పుడు చూపిన అద్దెకు అదనంగా మనిషికి, రాత్రికి ఇంతని నగర పన్ను అక్కడ కట్టవలసి ఉంటుంది, దాన్ని లెక్కలో వేసుకోండి.

ఇక చూడవలసినవాటి గురించి కొంత వివరంగా చెబుతాను, ఎందుకంటే తక్కువ ఖర్చు ప్రయాణానికి రోమ్ చేసే మేలు ఇక్కడే ఉంది. అరవై అయిదు దాటినవారికి ప్రభుత్వ మ్యూజియాల్లో ఉచిత ప్రవేశమని పాత సలహాల్లో కనబడుతుంది. ఆ రాయితీని 2014లో తీసివేశారు. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియాలు, కొలోసియంతో సహా, అందరికీ ఉచితమే గాని, ఆ రోజు జనం విపరీతంగా ఉంటారు. గంటల తరబడి నిలబడలేని అమ్మ కోసం కొలోసియానికి 18 యూరోలు పెట్టి, సమయం ముందే నిర్ణయించుకున్న టికెట్టు కొనడమే మంచిదని నేను అనుకుంటాను. ఆ టికెట్టులోనే పక్కనున్న ప్రాచీన శిథిలాలు, రోమన్ ఫోరం, పాలటైన్ కొండ కలిసి ఉంటాయి, కొలోసియం లోపల లిఫ్టు ఉంది. ప్రాచీన రోమన్ ఆలయం పాంథియన్‌కు 2023లో 5 యూరోల టికెట్టు పెట్టారు. సుమారు పందొమ్మిది వందల ఏళ్లనాటి ఆ గోపురం కింద నిలబడటానికి అది చాలా చిన్న మొత్తం.

అసలైన సంపద ఉచితంగా తెరిచి ఉన్న చర్చిలలో ఉంది. సెయింట్ పీటర్స్ బసిలికాలో మైకెలాంజెలో చెక్కిన పియెతా (చనిపోయిన యేసును ఒడిలో ఉంచుకున్న మేరీమాత శిల్పం), సాన్ పియెత్రో ఇన్ వింకోలి చర్చిలో ఆయనే చెక్కిన మోషే విగ్రహం, సాన్ లూయీజి దెయ్ ఫ్రాంచేజీ చర్చిలో సెయింట్ మాథ్యూ జీవితంపై కారవాజ్జో గీసిన మూడు చిత్రాలు, సాంతా మరియా దెల్ పోపోలోలో ఆయనవే మరో రెండు చిత్రాలు: వీటిలో దేనికీ టికెట్టు లేదు. ఇవేవీ మ్యూజియం గోడలకు తరలించినవి కావు, కారవాజ్జో చిత్రాలైతే ఏ మందిరం కోసం తయారయ్యాయో అక్కడే ఉన్నాయి. అందులోనూ ఎక్కడికి వెళ్లినా కూర్చోవడానికి బల్లలున్నాయి, చల్లగా, నిశ్శబ్దంగా ఉంటుంది. మా అమ్మకు చిత్రకళతో పరిచయం లేదు. అయినా మోషే విగ్రహం ముందు చాలాసేపు కూర్చుని, గడ్డపు పాయల మధ్య ఆ వేళ్లు ఎంత సహజంగా దూరాయో, పాలరాయిలో అవి విరగకుండా ఎలా చెక్కారో అని మళ్లీ మళ్లీ ఆశ్చర్యపోయింది. టికెట్టు కొని, గుంపులో తోసుకుంటూ నడిచే చోట ఆమె అలా చూడగలిగేది కాదు. చాలా చర్చిలను మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో మూసి మళ్లీ మూడు తర్వాత తెరుస్తారు. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలన్న నియమం చీర, చుడీదారులతో ఎలాగూ తీరుతుంది. కొన్నిచోట్ల చిత్రం మీద దీపం వెలగాలంటే పెట్టెలో నాణెం వేయాలి, కాబట్టి చిల్లర దగ్గర ఉంచుకోండి.

వెనిస్‌లో వంతెనలు నాలుగు వందలకు పైగా ఉన్నాయి, దాదాపు అన్నింటికీ మెట్లున్నాయి. అక్కడ నీటి బస్సుకు 75 నిమిషాల టికెట్టు 9.50 యూరోలు, 24 గంటలదైతే 25 యూరోలు. ఇది ఎక్కువే, కానీ ఇక్కడ వెనకాడకండి. స్టేషను బయటే ఒకటో నంబరు నీటి బస్సు ఎక్కి, ఊరి ప్రధాన కాలువ గ్రాండ్ కెనాల్ పొడవునా సాన్ మార్కో చౌరస్తా దాకా కూర్చుని వెళ్లడమే అమ్మగారికి వెనిస్ చూపించే ఉత్తమ పద్ధతి. 2024 నుంచి కొన్ని నిర్ణీత తేదీల్లో, ముఖ్యంగా వసంతం, వేసవిలో, పగటికి మాత్రమే వచ్చేవారి దగ్గర ప్రవేశ రుసుము తీసుకుంటున్నారు. మీ తేదీ అందులో ఉందో లేదో చూసుకోండి. బొలోన్యా నుంచి గంటంపావు దూరంలో ఉన్న రవెన్నా కూడా చదునైన ఊరు. ఆరో శతాబ్దంలో రంగురాళ్ల ముక్కలతో కూర్చిన మొజాయిక్ చిత్రాలున్న సాన్ వితాలె చర్చి చూసినవారికి పీసాకు వెళ్లలేదన్న లోటు ఉండదు.

రైళ్లలో ఫ్రెచ్చారోస్సా, ఇతాలో వేగవంతమైనవి. వాటి టికెట్లు ఎంత ముందుగా కొంటే అంత చవక. ప్రాంతీయ రైళ్ల ధర ఎప్పుడు కొన్నా ఒకటే, అయితే కాగితం టికెట్టును ఎక్కేముందు ప్లాట్‌ఫారం దగ్గరి యంత్రంలో ముద్ర వేయించాలి, లేకపోతే జరిమానా పడుతుంది. పెద్ద స్టేషన్లలో సాలా బ్లూ అనే సహాయ విభాగం నడవడానికి ఇబ్బంది ఉన్నవారిని చక్రాల కుర్చీలో తీసుకువెళ్లి రైలు ఎక్కిస్తుంది, దానికి రుసుము లేదు. ముందురోజే చెప్పుకోవడం మంచిది. సమ్మెలు తరచుగా జరుగుతాయి గాని ముందే ప్రకటిస్తారు, పనిదినాల్లో ఉదయం ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య ముఖ్యమైన ప్రాంతీయ రైళ్లు నడుస్తాయి. రోమ్‌లోని ఫ్యూమిచీనో విమానాశ్రయం నుంచి నగర ప్రధాన స్టేషను తెర్మినీకి నేరుగా వెళ్లే లియొనార్దో ఎక్స్‌ప్రెస్‌కు 14 యూరోలు. మీ బస రోమ్‌లోని త్రస్తేవెరె పేట వైపు ఉంటే 8 యూరోల ప్రాంతీయ రైలు చాలు.

భోజనం గురించి పెద్దగా భయపడనక్కరలేదు. శాకాహారులకు మార్గెరీత పిజ్జా, టమాటా పాస్తా, వెల్లుల్లి నూనె పాస్తా ఎక్కడైనా దొరుకుతాయి. రోమ్‌లో వెల్లుల్లి, ఎండుమిర్చితో నూనెలో మగ్గించిన చికోరియా ఆకు అచ్చం మన ఆకుకూర వేపుడులా ఉంటుంది, అమ్మ దాన్ని అన్నంలో కలుపుకుని తిన్నది. జాగ్రత్తపడవలసినవి కొన్ని ఉన్నాయి: రిసోట్టో అనే అన్నం వంటకాన్ని తరచుగా మాంసపు రసంతో వండుతారు, పార్మిజానో జున్నులో దూడ కడుపు నుంచి తీసిన పదార్థం వాడతారు, బొలోన్యాలో తోర్తెల్లీని అనే పూర్ణం పెట్టిన పాస్తాలో పంది మాంసం ఉంటుంది, పాలకూర, రికోత్తా జున్ను నింపిన తోర్తెల్లోనిలో అయితే మాంసం ఉండదు. బల్ల దగ్గర కూర్చుంటే చాలాచోట్ల మనిషికింత అని కూర్చున్నందుకే బిల్లులో కలుపుతారు, కాఫీ నిలబడి తాగితే చవక. తెర్మినీ దగ్గరి ఎస్క్విలీనో మార్కెట్‌లో బియ్యం, పప్పులు, బెండకాయలు దొరుకుతాయి. వంటగది ఉన్న బస తీసుకుంటే రాత్రి అన్నం, చారు గదిలోనే అవుతాయి. కందిపొడి, కారప్పొడి తీసుకువెళ్లండి, కానీ నెయ్యి, పాలకోవా, నేతి సున్నుండలు పెట్టెలో పెట్టకండి. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తేవడాన్ని ఐరోపా సమాఖ్య నిషేధించింది. రోమ్ వీధి కుళాయిల నీరు ఉచితం, తాగడానికి సురక్షితం. ఒక సీసా వెంట ఉంచుకుంటే చాలు.

ఇటలీకి కావలసిన షెంగెన్ వీసా (చాలా ఐరోపా దేశాలకు ఉమ్మడి వీసా) రుసుము మనిషికి 90 యూరోలు, దరఖాస్తు ఆరు నెలల ముందు నుంచి చేయవచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఇక్కడ అత్యంత చవకైన పాలసీ వెతకకండి. అమ్మగారికి ఇప్పటికే ఉన్న బీపీ, షుగరు వంటి వ్యాధుల వల్ల వచ్చే అత్యవసర చికిత్సకు వర్తిస్తుందో లేదో షరతులు పూర్తిగా చదివి కొనండి. మందులు ప్రయాణ దినాల కంటే ఒక వారం ఎక్కువ పెట్టుకుని, మందు అసలు పేరు రాసిన డాక్టరు చీటీతో సహా చేతి సంచిలోనే ఉంచండి. విమానాశ్రయాల్లో చక్రాల కుర్చీ ఉచితం. కనీసం 48 గంటల ముందు విమానసంస్థకు తెలియజేస్తే చాలు. మీ తేదీలు, అమ్మగారు ఒక్క విడతలో ఎంత దూరం నడవగలరన్నది రాస్తే, రోజువారీ ఏర్పాటు వేసి పెడతాను.